అలసినది, అఱిగినది: ఆంగ్లవిశేషణముల పోర్చుగీసనువాదమును గూర్చిన విచారము

విషయప్రవేశము

ఆంగ్లభాషయందు అలసటను, అఱుగుదలను దెలుపు విశేషణములు పెక్కు గలవు. టైర్డ్, వియరీ, వోర్న్, వోర్నౌట్, ఎగ్జాస్టెడ్, జేడెడ్, త్రెడ్‌బేర్ మున్నగునవి పాఠశాలాబాలురకును దెలిసినవే. వీనిని పోర్చుగీసుభాషలోనికిఁ దెచ్చునపుడు పుట్టు సందేహములను, వానిని దీర్చుటకు మన వ్యాకరణశాస్త్రము చేయఁగల సాయమును ఈ వ్యాసమునఁ జూపఁబూనితిని.

తెలుఁగుపండితులకుఁ బోర్చుగీసుతోఁ బని యేమి యని కొంద ఱడుగవచ్చును. దీనికి సమాధానము రెండువిధములు. మొదటిది చరిత్రము. పోర్చుగీసువారు 1510లో గోవాను జయించి 1961 వఱకు నేలిరి. ఇంగ్లాండునఁ బుట్టి 1579లో గోవాకు వచ్చిన తామస్ స్టీఫెన్సు అను క్రైస్తవగురువు కొంకణిభాషకుఁ బోర్చుగీసులో వ్యాకరణము రచించెను. అది యాయన మరణానంతరము 1640లో రాచోలు గ్రామమున ముద్రింపఁబడెను. అనఁగా ఆంగ్లేయుఁ డొకఁడు పోర్చుగీసుభాషలో భారతీయభాష కొకదానికి వ్యాకరణము కట్టినాఁడు. మూఁడుభాషల యీ కూడలి మన దేశమునకుఁ గ్రొత్తది కాదు. మన తెలుఁగులోను మేస్త్రి, అలమార, బొత్తాము, పాదిరి, పీపా, అనాస యనునవి పోర్చుగీసుమూలము గలవియే. అయితే యివి యన్నియు వస్తువుల పేళ్లు, లేదా మనుష్యుల వృత్తుల పేళ్లు. వస్తువు లోడలలో వచ్చును, విశేషణములు రావు. శరీరముయొక్కయు మనస్సుయొక్కయు స్థితిని దెలుపు మాటను బ్రతిభాషయుఁ దన యింటనే వండుకొనును. అందుచేతనే నామవాచకములకడ లేనంత చిక్కు అనువాదకునకు విశేషణములకడఁ గలుగుచున్నది.

రెండవది శాస్త్రము. పైఁ జెప్పిన విశేషణములలోఁ బెక్కు క్రియాజన్యములు. మన పరిభాషలోఁ జెప్పవలయునన్న నిష్ఠాంతములు. పోర్చుగీసున వానికి సరిపోవు మాటలును బ్రాయికముగా నట్టివే. క్రియ యున్నచోఁ గారకము లుండును. కారకముల నెఱిఁగినవానికి విదేశభాష యైనను గొంత దారి యిచ్చును. ఈ రెండుభాషల నద్దమువలెఁ బట్టుకొనినచో మన తెలుఁగుమాటల ముఖమును నందుఁ గనఁబడును.

ఉచ్చారణమును గూర్చి యొకమాట. పోర్చుగీసున నోకారముగా వ్రాయఁబడు పదాంతస్వరము ఉకారముగా వినఁబడును. అందుచేత నా భాషలోని పుంలింగవిశేషణములు మన తెలుఁగుపదములవలె నుకారాంతములై తోఁచును. నే నిందు వినికిడి ననుసరించి కన్సాదు, గాస్తు మొదలగు రూపములను వ్రాసితిని. స్త్రీలింగమునఁ గన్సాద, గాస్త యని యకారాంతము లగును.

నిఘంటువు చాలదా?

ఇట పూర్వపక్షి యిట్లనును: "టైర్డ్ అనఁగాఁ గన్సాదు, వోర్న్ అనఁగా గాస్తు, ఎగ్జాస్టెడ్ అనఁగా నెజావుస్తు. నిఘంటువున నీ జంటలు గలవు. ఇంక విచార మేల?"

నిఘంటువును మాత్రమే నమ్మినవారి గతి యెట్లుండునో తెలుపు గ్రంథ మొకటి గలదు. 1855లోఁ బారిసునగరమున జుజే ద ఫొన్సేక, పెద్రు కరొలీను అనువారి పేర పోర్చుగీసువారికి ఆంగ్లసంభాషణము నేర్పు పుస్తక మొకటి వెలువడెను. కరొలీను ఆంగ్లము నెఱుఁగక, పోర్చుగీసునుండి ఫ్రెంచికిని, ఫ్రెంచినుండి నిఘంటుసాహాయ్యమున ఆంగ్లమునకును బదమునకుఁ బద మెత్తిపెట్టె నని విద్వాంసులు తలంచుచున్నారు. అందలి యాంగ్లము ఆంగ్లేయులకు నవ్వులాటకుఁ గారణమయ్యెను. 1883లో నమెరికాలోఁ బునర్ముద్రిత మైనపుడు మార్క్ ట్వెయిన్ అను హాస్యరచయిత దానికిఁ బీఠిక వ్రాసెను. నేర్పుటకుఁ బుట్టిన పుస్తకము నవ్వుటకు నిలిచినది. అందలి ప్రతిపదమునకును నిఘంటువునఁ బ్రమాణ ముండవచ్చును. వాక్యమునకు మాత్రము లేదు.

నిఘంటువు పదమున కర్థమును జెప్పును. ఆ యర్థ మెవనియందుఁ జెల్లునో, ఎంతకాలము నిలుచునో చెప్పదు. అలసటను గూర్చిన మాటలలో నీ రెండే ప్రధానములు.

ధాతువిచారము

ఆంగ్లమున వోర్న్ అనునది వేర్ అను ధాతువునుండి పుట్టినది. ఈ ధాతువునకు 'ధరించు' అనునది మొదటి యర్థము. 'అఱుగు' అనునది తరువాతిది. దీనిని సంస్కృతమునందలి యాచ్ఛాదనార్థకమగు వస్‌ధాతువునకు జ్ఞాతిగా భాషాతత్త్వవేత్తలు నిశ్చయించిరి. కాఁబట్టి యాంగ్లేయుల వోర్న్‌శబ్దమును, మన వస్త్రశబ్దమును ఒక్క వేరునుండి మొలచిన కొమ్మలు. కట్టఁగాఁ గట్టఁగా బట్ట యఱుగును. ధరించుట కారణము, అఱుగుట కార్యము. కారణవాచకము లక్షణచేఁ గార్యమునఁ జెల్లినది.

పోర్చుగీసున నుజార్ అను ధాతువునకు 'ఉపయోగించు' అనియు 'ధరించు' అనియు నర్థములు. దాని నిష్ఠాంతమగు ఉజాదు బట్టకుఁ జెప్పినపుడు 'తొడిగిన, వాడిన, పాతవడిన' యని మూఁడర్థముల నిచ్చును. తెలుఁగున 'వాడిన బట్ట' యనియు 'వాడిన పువ్వు' అనియు నందుము. ఈ వాడు ధాతువులు రెండును వేఱైనను వినికిడి యొక్కటియే. వాడుకయు వాడుటయు నొకచోటనే కలిసినవి. సంస్కృతమున జీర్ణశబ్దము చివికిన వస్త్రమునకును జఠరమునఁ బక్వమైన యన్నమునకును జెల్లును. మన అఱుగు ధాతువు నట్టిదే: తిన్నది యఱుగును, చెప్పులు నఱుగును. ఇన్నిభాషలవా రొకరి నడుగక యొకరు ఉపయోగమునందే క్షయమును జూచిరి.

ఇంకఁ బోర్చుగీసు మాటలు. గాస్తు అనునది గస్తార్ ధాతువునుండి వచ్చినది. 'పాడుచేయు' నర్థము గల వాస్తారె యను లాటినుధాతువు దీనికి మూలము. ఇపుడు గస్తార్ అనఁగా 'ఖర్చుచేయు' అనియు నర్థము. ఖర్చైన ధనమును గాస్తే. అడుగఱిగిన చెప్పును గాస్తే. జనుల పాదములచేఁ గుంగిన గుడిమెట్టును గాస్తే. మూఁటియందును సమాన మేమన, పోయినది తిరిగి రాదు.

కన్సాదు అనునది కన్సార్ ధాతువునకు నిష్ఠాంతము. దీనిమూలము 'వంగు, మలఁగు' అను నర్థము గల గ్రీకుపదమునుండి లాటినునకు వచ్చిన కంప్సారె యని చెప్పుదురు. వంగినది మరల నిలువవచ్చును.

ఎజావుస్తు, ఎస్గొతాదు అనునవి రెండును నీటికి సంబంధించినవి. మొదటిదానికి మూలమైన లాటినుధాతువున కర్థము నీరు చేఁదుట. రెండవదానియందు 'బొట్టు' అను నర్థము గల గోత శబ్ద మున్నది. తుదిబొట్టు వఱకుఁ దోడివేయుట దాని భావము. ఎస్గొతాదు అను మాట బడలిన మనుష్యునకును, ప్రతు లన్నియు నమ్ముడువోయిన పుస్తకమునకును జెల్లును. ఆంగ్లమున నిట్టి పుస్తకమునకు వేఱుమాట గలదు. అందుచేత "గ్రంథ మెస్గొతాద" యని చూచి, గ్రంథ మలసిన దని భ్రమపడరాదు.

ఉపసర్గవైచిత్ర్యము

ఈ విచారమున కంతకును గీల మిందున్నది. ఉపసర్గము ధాత్వర్థమును ఒకచో బాధించు ననియు, ఒకచో ననుసరించు ననియు, ఒకచో విశేషించు ననియు మన పెద్దలు చెప్పుదురు. పోర్చుగీసున దెస్ అను నుపసర్గ మొకటి గలదు. కన్సార్ ధాతువుపై నిది చేరినపుడు దెస్కన్సార్ అగును. 'విశ్రమించు' అని దాని యర్థము. అలసటను విడిపించుటయే విశ్రాంతి. దెస్కన్సాదు అనఁగా సేదదీఱినవాఁడు, నిశ్చింతుఁడు. ఇట నుపసర్గము ధాత్వర్థమును బాధించినది.

అదే దెస్ గస్తార్ ధాతువుపైఁ జేరినచో దెస్గస్తార్ అగును. అఱుగుదలను బోఁగొట్టుట యని యర్థము రావలసియుండఁగా, అట్లు రాదు. 'క్రమక్రమముగా మఱింత యఱుగఁదీయు' అని యగును. ఇట నుపసర్గము ధాత్వర్థమును విశేషించినది. దెస్గస్తాదు అనఁగా నొరసికొని యొరసికొని క్షయించినది.

కన్సాదునకు దెస్కన్సాదు గలదు. గాస్తునకు విడుపు లేదు, దెస్గస్తాదు మాత్రమే గలదు. భాష తనంతటఁ దానే చెప్పుచున్న భేద మిది. అలసినదానికి విశ్రాంతి యున్నది. అఱిగినదానికి మార్పిడియే గతి.

ఆంగ్లము నీ భేదమును వోర్నౌట్ అను నొక్కమాటలోఁ గప్పివేయును. చెప్పును వోర్నౌటే, సాయంకాలమున బడి వదలి యింటికి వచ్చిన యుపాధ్యాయుఁడును వోర్నౌటే. ఆంగ్లేయుఁడు సందర్భమునుబట్టి గ్రహించును. పోర్చుగీసులోనికిఁ దెచ్చువాఁ డేదో యొకటి యెన్నుకొనక తీఱదు. యంత్రశాలాధికారి యొకఁడు వృద్ధుఁడైన పనివానిని గూర్చి వోర్నౌట్ అని వ్రాసె ననుకొనుఁడు. అనువాదకుఁడు కన్సాదు అని వ్రాసినచో నాతనికి దెస్కన్సు, అనఁగా విశ్రాంతి, కావలయు నని చదువరి తలంచును. గాస్తు అని వ్రాసినచో నాతనిపని ముగిసిన దని తలంచును. అకబాదు, అనఁగా 'ముగిసినవాఁడు', అని వ్రాసినచో నా తలంపు మఱింత దృఢమగును. ఒక్కమాటచే సెలవు దొరకవలసినవానికి ఉద్వాసనము కలుగవచ్చును. కాఁబట్టి యిది పదశోధనమాత్రము గాదు. మనుష్యుని మనుష్యునిగాఁ జెప్పుటకును, వస్తువుగాఁ జెప్పుటకును గల భేదము.

ఇటఁ బూర్వపక్షి మరల లేచును: "పోర్చుగీసువారు మిక్కిలి యలసినపుడు మొయీదు అందురు. అది విసరు ధాతువునుండి పుట్టినది. తిరుగటఁ బడి పిండియైనది యని యర్థము. పిండి మరల గింజ కాదు గదా. అయినను మొయీదు అనుకొన్నవాఁడు మఱునాఁడు లేచి పనికిఁ బోవుచున్నాఁడు. నీ నియమ మేమాయెను?" చెప్పెదను. ఇది గౌణప్రయోగము. ఒడలు నుగ్గైన దని మనమును జెప్పుకొందుము. తన్నుఁ గూర్చి తాను జెప్పుకొను నతిశయోక్తిని విన్నవా రతిశయోక్తిగానే గ్రహింతురు. ఇతరుని గూర్చి గాస్తు అనునపుడట్లు గాదు, అది నిర్ణయము. దెస్గస్తాదు మాత్రము నేఁడు మనుష్యులయందును జెల్లుచున్నది. పెక్కుదినముల యొత్తిడిచే నలిగినవానిని, పలుకుబడి తఱిగిన రాజకీయనాయకుని, చెడిన స్నేహమును అట్లందురు. ఆంగ్లమున 'కొంచెము కొంచెముగా నఱిగిన' యను భావ మున్నచోట నిది తగును. ఒకనాఁటి యలసటకుఁ దగదు.

నిష్ఠాద్వయము, కారకము

పోర్చుగీసున గొన్ని ధాతువులకు నిష్ఠారూపములు రెండేసి గలవు: ఒకటి దీర్ఘము, ఒకటి హ్రస్వము. గస్తార్ ధాతువునకు గస్తాదు, గాస్తు. ఫర్తార్ ధాతువునకు ఫర్తాదు, ఫార్తు. ఎజౌరీర్ ధాతువున కెజౌరీదు, ఎజావుస్తు. ప్రాచీననియమము ప్రకారము దీర్ఘరూపము 'కలిగియుండు' నర్థము గల తేర్ అను సహాయక్రియతోను, హ్రస్వరూపము సేర్, ఎస్తార్ అను క్రియలతోను జేరును. నేఁటివాడుకలో గస్తాదు వెనుకఁబడి గాస్తు అంతటను వ్యాపించినది. మనకిది వింత గాదు. సంస్కృతమున విత్త, విన్న యనియు, త్రాత, త్రాణ యనియు నొక్క ధాతువునకే నిష్ఠారూపములు వికల్పముగా వచ్చుచున్నవి. ఖిన్న, జీర్ణ, శీర్ణ, గ్లాన, మ్లానాది రూపములయందుఁ దకారమునకు నకారము వచ్చుట పండితు లెఱిఁగినదే. క్షయమును దెలుపు మాటలలో నీ నకార మింతగాఁ గూడియుండుట చూడఁ జక్కనిది.

ఇంకఁ గారకము. క్తప్రత్యయము సకర్మకములపైఁ గర్మార్థమునను, అకర్మకములపైఁ గర్త్రర్థమునను వచ్చును. శ్రాంతుఁ డనఁగా శ్రమించినవాఁడే. శ్రమకుఁ గర్త యాతఁడు. జీర్ణశబ్దమునందును గర్త్రర్థమే, వస్త్రము తనంతటఁ దానే జీర్ణించినది. పోర్చుగీసున గాస్తు కర్మార్థకము. అఱుగఁదీసినవాఁ డొకఁడున్నాఁ డని యది సూచించును. అందుచేత దానితోఁ గర్తను దెలుపు పోర్ అను నవ్యయము చేరును: 'పెలు ఉజు' అనఁగా వాడుకచేత, 'పెలు తేంపు' అనఁగాఁ గాలముచేత. కన్సాదుతోఁ బ్రాయికముగా దె యను నవ్యయము చేరును. దీనికి మనపంచమివలె నపాదానార్థము మూలము, ఇట హేతువును దెలుపును. 'కన్సాదు ద వియాజెఁయ్' అనఁగాఁ బ్రయాణమువలన నలసినవాఁడు. గాస్తునకు వెలుపల నొక కర్త యుండును. కన్సాదునకు వెలుపల హేతువు మాత్రమే; అలసినవాఁ డలసటకుఁ దానే యాశ్రయము.

తేంపు అను మాట కాలమునకును, ఎండవానల స్థితికిని జెల్లును. అందుచేత నాంగ్లమునఁ గాలముచే నఱిగిన దనియు, ఎండవానలచే నఱిగిన దనియు రెండువిధములుగాఁ జెప్పఁబడు మాటలు పోర్చుగీసున 'గాస్తు పెలు తేంపు' అని యొక్కటియే కావచ్చును. వానకాలము, ఎండకాలము అను మనకు దీనిని వివరింపఁ బనిలేదు. ఎండవానలఁ గాఁగిన ముఖమునకు మాత్రము కుర్తీదు అందురు. తోలు పదనుచేయు క్రియనుండి పుట్టిన దది. ముఖమునకు గాస్తు చెప్పిన నందు క్షయము, కుర్తీదు చెప్పిన నందు దార్ఢ్యము. ఒకే ముఖమును జూచి యనువాదకుఁ డీ రెంటిలో నొకటి యెన్నవలయును.

విసుగును దెలుపు నలసట వేఱు. ఆంగ్లమున టైర్డ్ శబ్దమునకుఁ దరువాతి యవ్యయము మాఱినచో నలసట విసుగగును. పోర్చుగీసున దె యను నవ్యయము రెంటికిని జెల్లును గనుక, 'కన్సాదు దె ఎస్పెరార్' అను నెడ నిరీక్షించి యలసెనో, నిరీక్షణమున వేసరెనో సందర్భము చెప్పవలయును. విసుగే స్పష్టముగాఁ గావలసినచో ఫార్తు అందురు. కడుపునిండినది యని దాని మొదటి యర్థము. మన వెగటు, మొగమొత్తుట వంటిది. అయితే యీ ఫార్తు వస్తువునకుఁ జెప్పినచో 'సమృద్ధము' అని యర్థము. 'మేజ ఫార్త' యనఁగా విసిగిన బల్ల గాదు, వంటకములు నిండిన బల్ల. మనుష్యునియందు వెగటు, వస్తువునందు సమృద్ధి. ఒక్కమాటకే విశేష్యభేదమునఁ గలిగిన విపర్యయ మిది.

సేర్, ఎస్తార్, లింగము

'ఉండు' నర్థమునఁ బోర్చుగీసున రెండు క్రియలు గలవు. సేర్ స్వభావమును దెలుపును, కర్మణిప్రయోగమునకును దోడ్పడును. ఎస్తార్ స్థితిని దెలుపును. ఇది లాటిను స్తారె నుండి వచ్చినది, మన స్థాధాతువునకు జ్ఞాతి. 'ఎస్తో కన్సాదు' అనఁగా 'అలసియున్నాను'. తెలుఁగున 'ఉన్నాను' అను సహాయక్రియ చేయు పనినే యిట నెస్తార్ చేయుచున్నది. ఆంగ్లమున 'రాయి వోర్న్ అయ్యెను' అనునట్టి వాక్యము రెండర్థముల నిచ్చును: అఱుగుట యను వ్యాపారము జరిగె ననియు, అఱిగిన స్థితిలో నుండె ననియు. పోర్చుగీసు వీనిని వేఱుచేయును. 'ఫోయ్ గాస్త పెల ఆగ్వ' యనఁగా నీటిచే నఱుగఁదీయఁబడెను. 'ఎస్తావ గాస్త' యనఁగా నఱిగియుండెను. సాధ్యక్రియకును సిద్ధక్రియకును గల భేద మిది. మూలమునందలి యాంగ్లవాక్యమున నేది వివక్షితమో తేల్చుకొనక యనువాదకుఁడు కలము కదపరాదు.

లింగము మఱియొక చిక్కు. పోర్చుగీసున విశేషణము విశేష్యనిఘ్నము, లింగవచనముల ననుసరించును. ఆంగ్లమున "నే నలసితిని" అన్నవారు స్త్రీయో పురుషుఁడో తెలియదు, తెలుఁగునను దెలియదు. పోర్చుగీసునఁ బురుషుఁడు కన్సాదు, స్త్రీ కన్సాద యనవలయును. కథ చెప్పువా రెవరో దాఁచియుంచఁదలఁచిన యాంగ్లరచన ననువదించువాఁడు మొదటిపుటలోనే రహస్యము వెల్లడి చేయవలసి వచ్చును. అట్టిచోట విశేషణమును మాని, 'అలసట నాకుఁ గల' దని భావనామముచేఁ జెప్పుట యుక్తము; అలసటకుఁ గన్సాసు అను నామము గలదు, దానికి వక్తృలింగముతోఁ బనిలేదు.

వస్తువుల యలసట

మనుష్యుని వస్తువుగాఁ జెప్పరా దంటిని. వస్తువును మనుష్యునివలెఁ జెప్పవచ్చునా? ఒక్కొక్కచోటఁ జెప్పవచ్చును, లోకవ్యవహారమే ప్రమాణము.

'విస్త కన్సాద' యని యొకమాట గలదు. 'అలసిన చూపు' అని యక్షరార్థము. నలువదేండ్లకుఁ బైఁబడినవారికిఁ గలుగు చత్వారమునకు వాడుకపేరు. ఆంగ్లమున నెవఁడో రాత్రి చదివి కన్ను లలసె నని యున్నచో దానిని విస్త కన్సాద యని తెచ్చినచోఁ బడుచువానికిఁ జత్వారము వచ్చును. కన్నులకు 'ఓల్యుస్ కన్సాదుస్' అనవలయును.

'తెర్ర కన్సాద' యనఁగా సారము తఱిగిన నేల. బ్రెజిలుదేశమునఁ బరయీబనదీలోయలో 19వ శతాబ్దమునఁ గాఫీతోఁటలు విస్తరించెను. అడవులు నఱికి, యెడతెగక కాఫీ పెట్టుటచే నేల నిస్సారమయ్యెను. సేద్యము క్రొత్తభూములను వెదకికొనుచుఁ బడమటికిఁ బోయెను. వెనుకఁబడిన పట్టణములను మొంతేయ్రు లొబాతు అను రచయిత 1919లో వెలువడిన కథాసంపుటమున వర్ణించి, దానికి 'మృతనగరములు' అను నర్థము గల పేరు పెట్టెను. ఆంగ్లమున నట్టినేలకు ఎగ్జాస్టెడ్ అందురు. పోర్చుగీసున నెస్గొతాదు, కన్సాదు రెండును జెల్లును. రైతు కన్సాద యనుటలో నొక యాశ యున్నది: బీడు విడిచినచో నేల విశ్రమించి కోలుకొనును. దెస్కన్సు నేలకును గలదు. ఎస్గొతాద యన్నచో నా యాశ యంత లేదు. మన నియమ మిట నేలయందును నిలిచినది.

మాటల యలసట వేఱు. పలువురు పలికి చప్పఁబడిన యుక్తిని, హాస్యమును ఆంగ్లమున టైర్డ్ అందురు. పోర్చుగీసున నట్టిదానిని బతీదు, అనఁగాఁ గొట్టఁబడినది, అనియో, గాస్తు అనియో యనవలయును. యుక్తి యలయదు; విన్నవా రలయుదురు.

మార్గమును వియరీ యనుట యాంగ్లమునఁ గలదు. వియరీ యను మాట యలసినవానికిని, అలయించుదానికిని జెల్లును. పోర్చుగీసున రెండు ప్రత్యయములు వేఱు: అలసినవాఁడు కన్సాదు, అలయించునది కన్సతీవు. శ్రాంతునకును శ్రమకరమునకును గల భేదమే యిది. ఎజావుస్తు, ఎజావుస్తీవు అనునవియు నట్టివే. కాని యెజావుస్తీవు అనఁగా 'మిక్కిలి యలయించునది' యనియు 'సమగ్రమైనది' యనియు రెండర్థములు గలవు. సమగ్రపరిశీలన మని మెచ్చుకొన్నచోటఁ జదువరి ప్రాణము విసిగించునది యని తలఁపకుండఁ జూచుకొనవలయును.

బట్టలకడ నాంగ్లమున త్రెడ్‌బేర్ అను సమాస మున్నది. నూలు బయలుపడినది యని బహువ్రీహి. పోర్చుగీసున దీనికిఁ బుయీదు సరిపోవును. నునుపుచేయు నర్థము గల లాటినుధాతువు దీనికి మూలము. ఒకే బట్టను జూచి యాంగ్లేయుఁడు తేలిన పోగును జూచినాఁడు, పోర్చుగీసువాఁడు రాపిడిచే వచ్చిన నునుపును జూచినాఁడు. మనము చివికిన దని దాని బలహీనతను జూచితిమి. సుర్రాదు అను మఱియొకమాట తోలును గొట్టి బాగుచేయు క్రియనుండి వచ్చినది. వాడి వాడి నలిగిన బట్టకుఁ జెల్లును. సమాసమును సమాసముగాఁ దేఁబూనుట వృథా, పదార్థమును దేవలయును.

జేడెడ్ అను మాట పనికి డస్సిన గుఱ్ఱపుపేరునుండి పుట్టినది. నేఁ డది యతిభోగముచే రుచి చెడినవానికిఁ జెల్లుచున్నది. పోర్చుగీసున దానికి గుఱ్ఱముతోఁ బనిలేదు; మొనపోయిన దను నర్థము గల యెంబొతాదు తగును. డిలాపిడేటెడ్ అను మాటకు దిలపిదాదు అను సరూపశబ్దము గలదు గాని, అది దుర్వ్యయము చేయఁబడిన యాస్తికిఁ జెల్లును. కూలిన యింటికిఁ జెప్పవలసినది యర్రుయినాదు. సరూపములు సమానార్థకము లనుకొనుట బాలుర భ్రమ.

నిష్కర్ష

పై విచారమువలనఁ దేలిన నియమములను విద్యార్థుల సౌకర్యమునకై క్రోడీకరించుచున్నాను.

ఒకటి: విశేష్యము మనుష్యుఁడా, వస్తువా, మాటయా యని మొదట నిర్ణయింపవలయును.

రెండు: అలసట విశ్రాంతిచేఁ దీఱునదియా, తీఱనిదియా యని చూడవలయును. తీఱునది కన్సాదు, తీఱనిది గాస్తు, కొంచెము కొంచెముగాఁ బెరుగునది దెస్గస్తాదు.

మూఁడు: విశేషణము స్థితిని దెలుపుచున్నదా, వ్యాపారమును దెలుపుచున్నదా, అలయించు గుణమును దెలుపుచున్నదా యని కారకమును బరీక్షింపవలయును.

నాలుగు: సరూపశబ్దములను, సమాసముల యక్షరార్థములను నమ్మరాదు.

ఐదు: మూలమున సందేహమున్నచో మనుష్యునిపట్లఁ దీఱునట్టి యలసటనే యెన్నవలయును. అది తప్పైనను స్వల్పదోషము. తీఱనిదానిని దప్పుగా నెన్నినచో నొకని బ్రదుకునకే ముగింపు వ్రాసినట్లగును.

ఈ నియమములు పోర్చుగీసునకు మాత్రమే గావు. మన పాఠశాలలలో బాలురు ఆంగ్లమునుండి తెలుఁగునకుఁ దెచ్చునపుడు అలసిన, బడలిన, డస్సిన, వేసరిన, చివికిన, అఱిగిన, నలిగిన యను నింతసంపద చేతనుండఁగా, ప్రతిచోటను నొక్క 'అలసిన' శబ్దముననే సరిపుచ్చుట తఱచుగాఁ జూచుచున్నాము. పండితులు తరగతిలో నొక చిన్నపరీక్ష చేయవచ్చును. చెప్పు, మెట్టు, నేల, చూపు, మార్గము, హాస్యోక్తి, వృద్ధుఁడైన పనివాఁడు అను నేడింటిని బలకపై వ్రాసి, యాంగ్లమునఁ బ్రతిదానికిని టైర్డో, వోర్నో, వియరీయో యేది చెల్లునో వ్రాయించి, పిమ్మట దానికిఁ దెలుఁగున నేమాట తగునో యడుగవలయును. బాలురు తమమాటలను దామే వెదకికొందురు. ఆ వెదకుటలోఁ గడపటివానికడ, అనఁగా నా పనివానికడ, వారు కొంచెముసేపు నిలిచి యాలోచించినచో వ్యాకరణపాఠము సఫలమైన దని నా యభిప్రాయము.